గుండిగకు మాటు వేయించే ముందు

గోదావరి డెల్టాలోని ఒక పల్లె నుంచి, తన పేరు గానీ ఊరి పేరు గానీ ప్రకటించవద్దన్న విన్నపంతో, అరవై రెండేళ్ల పాఠకుడొకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. ఆయన ఉద్యోగమంతా బ్యాంకులో, ఊరూరా బదిలీల మీద గడిచింది. రెండేళ్ల కిందట పదవీ విరమణ చేసి, భార్యతో కలిసి తండ్రి కట్టించిన ఇంటికి తిరిగివచ్చారు. వారి వీధి రామాలయం వెనుక ఒక చిన్న గది ఉంది. 1961లో ఇంటింటా చందా వేసుకుని కొన్న రెండు ఇత్తడి గుండిగలు, మూడు గంగాళాలు, పళ్లేలు, గరిటెలు అందులో ఉన్నాయి. ఒక్కో దాని మెడ మీద “రామాలయం వీధి” అని చుక్కల అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ వీధిలో ఎవరింట పెళ్లయినా ఆ సామాను అక్కడినుంచి వెళ్లి అక్కడికే తిరిగివచ్చేది.

1988 వేసవిలో ఆయన అక్కగారి పెళ్లి అయ్యాక సామాను వెనక్కి చేర్చే పని ఆయన మీద పడింది. పెద్ద గుండిగను తాడుతో కట్టకుండా బండిలో పెట్టారు. కాలువ తూము దగ్గర అది జారి రాతి మీద పడి, పొట్ట భాగంలో బెత్తెడు పొడవున చీలింది. తండ్రి కోప్పడలేదు. రాత్రికి రాత్రే పక్క ఊళ్లో పగిలిన పాత్రలకు మాట్లు, అంటే అతుకులు, వేసే అతని దగ్గరికి తీసుకువెళ్లి, లోపలివైపు నుంచి టంకం పెట్టించి, బయట మసి పూయించి, మూడోనాడు గదిలో పెట్టేశారు. ఎవరితోనూ అనవద్దన్నారు. మూడు వారాలు గడిచాక, వీధి చివర కౌలు చేసుకుని బతికే ఒక కుటుంబం తమ కూతురి పెళ్లికి అదే గుండిగను తీసుకువెళ్లింది. గాడిపొయ్యి మీద పప్పుచారు కాచి, మొదటి బంతికి వడ్డించాక, చల్లారకుండా పొయ్యి మీదే ఉంచారు. రెండో బంతికి మరికొంత పోసేసరికి చీలిక తెరుచుకుని చారంతా మంటలోకి కారిపోయింది. పొగలో, గందరగోళంలో ఆ బంతి సగంలోనే లేచిపోయింది.

వారం తరువాత పెద్దలు కూర్చుని, గుండిగను పాడుచేసినందుకు ఆ కుటుంబానికి 800 రూపాయల తప్పు వేశారు. ఆ పెద్దలలో మన పాఠకుడి తండ్రి ఒకరు. పాఠకుడు మండపం స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. ఆ ఇంటాయన ఒక పెయ్యను అమ్మి డబ్బు కట్టాడు. ఆ తరువాత ఆయన, ఆయన బంధువుల ఇళ్లు కలిపి మొత్తం ఆరిళ్లవారు సామాను అడగడమూ మానేశారు, శ్రీరామనవమి పందిరికి రావడమూ మానేశారు. ఆయన పోయి చాలా కాలమైంది. భార్య ఉన్నారు, డెబ్బై అయిదు దాటాయి. కొడుకు కూడలి దగ్గర మోటార్ల వైండింగ్ దుకాణం నడుపుతున్నాడు.

ఇప్పుడు వీధి కుర్రవాళ్లు ఆ ఇత్తడిని పాత సామాన్ల వ్యాపారికి అమ్మేసి స్టీలు డేగిశాలు కొందామంటున్నారు. మన పాఠకుడు అడ్డుపడి, అన్నింటినీ తన ఖర్చుతో బాగుచేయిస్తానన్నారు. కుర్రవాళ్లు సంతోషించి, వచ్చే నవమినాడు పందిట్లో ఆయనకు సన్మానం చేసి, గుండిగ మెడ మీద ఆయన పేరు చెక్కిస్తామని తీర్మానించారు. ఆ రోజునుంచి తనకు నిద్ర లేదంటున్నారు. గుండిగను బాగుచేయించాలా, అమ్మనివ్వాలా? ఇన్నేళ్ల తరువాత నిజం చెప్పి తీరాలా? చెబితే ఎవరికి, ఎలా? అక్కగారు మాత్రం “నాన్న పేరు బజారున పెట్టకు, వాళ్లు ఎప్పుడో మరిచిపోయారు” అంటున్నారట.

సమాధానం:

అయ్యా, మీ ఉత్తరంలో గుండిగ గురించి మూడు పేజీలు ఉన్నాయి. దాని బరువు, చీలిక పొడవు, కళాయి పూయడానికి ఎంత అడిగారు, ఎవరు అడిగారు అన్నీ ఉన్నాయి. తప్పు కట్టిన ఆ ఇంటి పెద్దావిడ గురించి నాలుగు పంక్తులే ఉన్నాయి. ఇది తప్పుపట్టడానికి అనడం లేదు. బాగుచేయడానికి వీలైన వస్తువు మీదికి మనసు పోవడం సహజం. చీలిక ఎంతుందో కొలవవచ్చు, ఖర్చెంతో అడగవచ్చు, పని ఎప్పటికవుతుందో తెలుసుకోవచ్చు. పైగా గుండిగ మాటును వద్దనదు. మనుషుల దగ్గర ఆ భరోసా లేదు. మీరు గుండిగ దగ్గర ఆగిపోవడానికి అది ఒక కారణమని నాకు అనిపిస్తోంది.

అయినా ముందు లోహం సంగతే చూద్దాం, ఎందుకంటే మీరు అనుకున్నదానికంటే అది మిగతా విషయానికి దగ్గరగా ఉంది. మీ నాన్నగారు పెట్టించినది మెత్తని టంకం, అంటే సీసం, తగరం కలిపి కరిగించిన పూత అని మీ వివరాలనుబట్టి తెలుస్తోంది; రాత్రికి రాత్రి తేలికగా కుదిరే పని అది. ఆ మిశ్రమం దాదాపు 183 డిగ్రీల వేడికే మెత్తబడడం మొదలవుతుంది. గుండిగలో చారు నిండుగా ఉన్నంతసేపు, లోపలి నీరు వేడిని లాగేస్తుంది కనుక ఆ గోడ వంద డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది, టంకం నిలుస్తుంది. మీ అక్కగారి పెళ్లి తరువాత ఎవరైనా బిందెలతో నీళ్లు పోసి చూసి ఉన్నా కారేది కాదు. కానీ మొదటి బంతికి వడ్డించాక చారు మట్టం చీలిక కంటే కిందికి దిగింది; గాడిపొయ్యి మంట పాత్ర పక్కలకు ఎగబాకుతుంది; లోపల తడి లేని ఆ జానెడు ఇత్తడి క్షణాలలో కాలిపోయి, టంకం కరిగి జారింది. రెండో బంతికి పోసిన చారు అందులోంచే పోయింది. ఆ వంట చేసినవారు ఎంత జాగ్రత్తపడినా అది ఆగేది కాదు. వడ్డన మధ్యలో పాత్రను మంట మీద ఉంచడం ప్రతి పెళ్లిలోనూ చేసేదే. మీ ఇంటి పెళ్లిలోనూ చేసే ఉంటారు.

చీలిక అంచుల వెంట లోపలివైపు బూడిదరంగు బొట్లు ఇంకా గట్టిగా అతుక్కుని ఉన్నాయని మీరే రాశారు. అది రాస్తున్నప్పుడు మీకు తోచిందో లేదో గానీ, ఆ బొట్లు సాక్ష్యం. ఆ గుండిగ పెళ్లింటికి చేరేసరికే పగిలి, అతుకుపడి ఉన్నదని అవి ఈనాటికీ చెబుతున్నాయి. ఆనాడు కూర్చున్న పెద్దలలో ఒక్కరు దానిని మండపం వెలుతురులోకి తెప్పించి లోపల చెయ్యి పెట్టి చూసి ఉంటే విషయం అక్కడే తేలిపోయేది. ఎవరూ చూడలేదు. అంతకుముందు ఎవరింటికి వెళ్లివచ్చిందని కూడా ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో మీ ఉత్తరంలో లేదు, కానీ “వీధి చివర”, “కౌలు చేసుకుని” అనే రెండు మాటలు ఉన్నాయి. చూడనవసరం లేకుండానే నమ్మదగిన దోషి వారికి దొరికాడు. మీ నాన్నగారు దాచినది ఒక చీలికను. ఆ కుటుంబం మీద పడిన తప్పులో వీధి మొత్తానికీ వాటా ఉంది. మీ భారం తగ్గించడానికి ఈ మాట అనడం లేదు; తరువాత మీరు ఎవరి ముందు మాట్లాడాలన్న ప్రశ్నకు దీనితో పని ఉంది.

ఇప్పుడు బాగుచేయడం గురించి. ఆ గుండిగను వంటకు వాడదలిస్తే పాత టంకాన్ని పూర్తిగా గీకి తీసేయాలి. సీసం తినే పదార్థంలోకి దిగే విషమన్నది ఒక కారణం. పులుపు తగిలితే మరీ దిగుతుంది. ఆ అవశేషం మిగిలితే మీద వేసే గట్టి అతుకు కూడా నిలవదన్నది రెండో కారణం. తరువాత ఇత్తడి రేకు ముక్క కోసి, వెలిగారం చల్లి, ఎర్రగా కాల్చి అతకాలి. ఆ అతుకు గాడిపొయ్యికి తట్టుకుంటుంది. ఆపైన కళాయి: పాత్రను పులుపుతో, ఇసుకతో తోమి, కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తాకించి పాత గుడ్డతో లోపలంతా రుద్దుతారు. ఇత్తడికి చింతపండు, మజ్జిగ తగిలి చిలుము పట్టకుండా కాపాడేది ఆ పూతే. స్వచ్ఛమైన తగరం ఖరీదు కనుక సీసం కలిపేవారున్నారు. మీ ఎదుటే కడ్డీని తెల్లకాగితం మీద గీయించండి, బూడిదరంగు గీత పడితే సీసం పాలు ఎక్కువని అర్థం. గీత పడనంత మాత్రాన సీసం అసలే లేదని కాదు, కాబట్టి నమ్మకమైన చేతిని వెదకడమే మేలు. పేరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి పనికి పేరుపడిన ఊరు. మీ జిల్లాలవారికి దూరం కాదు. మా అమ్మమ్మ దగ్గర మూడు మాట్లున్న బిందె ఒకటి ఉండేది. చుట్టాలొస్తే మాటున్న వైపును గోడకేసి తిప్పి పెట్టేది. నీళ్లు మాత్రం మేమందరం అందులోవే తాగాం.

ఈ క్రమంలో మొట్టమొదటి పని ఏమిటో చూశారు కదా: ఆ బొట్లను గీకేయడం. మీరు గుండిగను నవమికి ముందే అజ్జరం పంపితే, ఆ కుటుంబం నిర్దోషి అని చెప్పే ఒకే ఒక వస్తువును మీ చేతులతో, మీ డబ్బుతో, మంచి ఉద్దేశంతోనే చెరిపేసినవారవుతారు. పాత సామాన్ల వ్యాపారికి అమ్మినా అంతే, కొలిమిలో కరిగిపోతుంది. ఇత్తడి అమ్మి స్టీలు కొనడం దానంతట అది పాపమేమీ కాదు. ఇత్తడి బరువు, కళాయి ఖర్చు ఈనాటి పిల్లలు మోయలేరనడంలో న్యాయముంది. ఆ సామాను గుడికి దానంగా రాసి ఉంటే, గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే, ఆ శాఖవారిని అడగకుండా అమ్మవద్దని మాత్రం వారికి చెప్పండి. ఇక మీ విషయానికి వస్తే, ఏది చేసినా ఆ కుటుంబం చూసిన తరువాతే చేయాలి. అందాకా గుండిగను కదిలించకండి, తోమించకండి.

మీ ముందున్న దారులలో మొదటిది, ఏమీ చెప్పకుండా బాగుచేయించి, సన్మానం మాత్రం వద్దనడం. ఇందులో ఎవరికీ కొత్తగా నొప్పి కలగదు. మీ అక్కగారు ఊపిరి పీల్చుకుంటారు. కానీ సన్మానం ఎందుకు వద్దంటున్నారని అడుగుతారు, వినయమనుకుంటారు, మీ మీద గౌరవం పెరుగుతుంది. ఆ గౌరవాన్ని మోయడం ఇప్పటి నిద్రలేమి కంటే తేలికగా ఉంటుందని నేను అనుకోను.

రెండోది మీరే సూచించారు: ఏదో వంకన ఆ ఇంటి మనవరాలి చదువుకు 50,000 రూపాయలు ఇవ్వడం, కారణం చెప్పకపోవడం. నాకు అన్నింటికంటే నచ్చనిది ఇది. వారు దానిని దాతృత్వంగా తీసుకుని మీకు కృతజ్ఞులై ఉండవలసివస్తుంది. అప్పుపడినవారు మీరు, నమస్కరించేది వారు. రేపెప్పుడైనా నిజం పొక్కితే ఆ డబ్బు నోరు మూయించడానికి ఇచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు దానికి జవాబు ఉండదు.

మూడోది, నవమి పందిట్లో లేచి అందరి ముందూ చెప్పేయడం. మీ ఉత్తరం చివరి పేజీలో ఈ ఊహ వైపు మీరు మొగ్గుతున్నట్టు కనిపిస్తోంది. ఇందులో న్యాయం లేకపోలేదు. నింద పదిమందిలో పడింది కనుక పదిమందిలోనే తొలగాలి. అయితే ఆ పందిరికి ఆ ఆరిళ్లవారు రారు. ఎవరికి చెప్పవలసి ఉందో వారు లేనిచోట, సన్మానం శాలువా భుజాన ఉండగా మీరు కన్నీళ్లు పెట్టుకుంటే, జనం మీ నిజాయితీనే మెచ్చుకుంటారు. ఆ పెద్దావిడకు తన భర్త సంగతి పొరుగువారి నోట తెలుస్తుంది. తన ఇంటి అవమానం గురించి తనకే చివరగా తెలియడం ఆమెకు రెండో అవమానం.

నాలుగోది, ముందు వారి ఇంటికి వెళ్లి చెప్పడం, ఆపైన వీధికి తెలియాలా, ఎప్పుడు, ఎవరి నోట తెలియాలి అన్న నిర్ణయాన్ని వారికే వదిలేయడం. నా మొగ్గు దీనివైపే ఉంది, కానీ దీనిలోని కష్టం కూడా చెప్పాలి. వారు కోపంతో మిమ్మల్ని గడప దాటనివ్వకపోవచ్చు. లేదా “ఇప్పుడెందుకు బాబూ” అని మాట మార్చవచ్చు. దానిని క్షమాపణగా లెక్కవేసుకుని సంతోషంగా ఇంటికి రాకండి, అది కేవలం అలసట కావచ్చు. పెద్దలలో మిగిలినవారిని కూడా పిలిపించి, అదే మండపంలో ఆ తప్పును రద్దు చేయించమని కొడుకు పట్టుబట్టవచ్చు. అప్పుడు మీ నాన్నగారి పేరు తప్పకుండా బయటికి వస్తుంది. దీనికి సిద్ధంగా లేకపోతే వెళ్లకండి. నిర్ణయం మీది అని చెప్పి, వారు నిర్ణయించాక వెనక్కి తగ్గడం అన్నింటికంటే హీనం.

మీ అక్కగారి మాట గురించి. “వాళ్లు మరిచిపోయారు” అనేది మనం తరచుగా మన తరఫున అనుకునే మాట. ఆరిళ్లవారు మూడున్నర దశాబ్దాలుగా నడిచి రాగల దూరంలోని పందిరికి రాకపోవడం మరపు లక్షణం కాదు. అయినా ఆవిడ భయాన్ని కొట్టిపారేయవద్దు. ఆ కథ ఆవిడ పెళ్లితో మొదలవుతుంది, ఆవిడ చేసిన తప్పేమీ లేదు. వెళ్లేముందు ఆవిడకు చెప్పి వెళ్లండి, అనుమతి కోసం కాదు, ఇతరుల నోట వినకుండా ఉండడానికి.

నాన్నగారిని ఇందులోకి లాగకుండా “నా వల్లే పగిలింది” అని మాత్రమే చెప్పవచ్చా అని అడిగారు. కుదరదనుకుంటాను. గుండిగ పగలడం ప్రమాదం, అది ఎవరి చేతిలోనైనా జరిగేది. ఆ కుటుంబానికి హాని చేసినది టంకం, మసి, మౌనం. వాటిని వదిలేసి చెబితే ప్రమాదాన్ని ఒప్పుకుని నేరాన్ని దాచినట్టవుతుంది. అయితే తండ్రికి శిక్ష వేయనూ వద్దు, వకాల్తా పుచ్చుకోనూ వద్దు. పెళ్లి చేసి అలసిన ఒక తండ్రి పరువు కోసం చేశాడన్న వివరణ నిజమే అయినా, ఆ ఇంట్లో అది వినవలసిన అగత్యం ఎవరికీ లేదు; ఆ రోజున ఆ ఇంట్లోనూ ఒక తండ్రి ఉన్నాడు, పెళ్లి చేసి అలసినవాడే. చూసినది చూసినట్టు చెప్పండి. “గుండిగ నా బండిలోంచి పడి పగిలింది. మా నాన్న అతికించి, చెప్పకుండా గదిలో పెట్టారు. మీ పెళ్లిలో కారింది ఆ అతుకే. మీ ఆయనకు తప్పు వేసిన రోజున నేను అక్కడే నిలబడి ఉండి నోరెత్తలేదు. ఆయన తప్పేమీ లేదు.” ఇంతకంటే ఎక్కువ మొదటిరోజున అనవసరం. నిద్ర పట్టడం లేదన్న సంగతి అసలే ఎత్తవద్దు. అది విన్న మరుక్షణం ఆ ముసలమ్మ మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది.

డబ్బు గురించి మీరు బ్యాంకు మనిషి కనుక, 800 రూపాయలకు ఇన్నేళ్ల చక్రవడ్డీ కట్టాలని చెయ్యి ఉవ్విళ్లూరుతూ ఉంటుంది. లెక్క కట్టుకోండి, కానీ మొదటిసారే జేబులో పెట్టుకుపోకండి. అది వారు అడగడానికీ, వద్దనడానికీ, మరో రూపంలో కోరడానికీ వీలుండే విషయంగా ఉండనివ్వండి. ఆ పెయ్య వెల ఎంతో మీకంటే వారికి బాగా తెలుసు.

కుర్రవాళ్లకు ఈలోగా ఏం చెప్పాలన్నది చిన్న విషయం, కానీ తొందరగా తేల్చవలసినది. సన్మానం వద్దు, పేరు చెక్కడం వద్దు, గుండిగ పని నవమికి తెమలదు అని ఇవాళే చెప్పేయండి. కారణం అడిగితే “చెప్పవలసినవారికి ముందు చెప్పాక మీకు చెబుతాను” అనండి. ఆ మాట ఊళ్లో రెండు రోజులలో పాకుతుంది, కాబట్టి ఆ రెండు రోజులలోపే మీరు ఆ ఇంటి మెట్లెక్కాలి. ఉదయం పూట, కొడుకు దుకాణానికి బయలుదేరకముందు వెళ్లండి. తల్లి, కొడుకు ఇద్దరూ ఉండాలి. ఒంటరిగా వెళ్లండి, పళ్లూ స్వీట్లూ పట్టుకెళ్లకండి. కూర్చోమనకపోతే నిలబడే చెప్పండి. తాడేపల్లిగూడెంలో ఉంటున్న ఆ కూతురికి, అంటే ఆనాటి పెళ్లికూతురికి, ఎవరు చెప్పాలో వారినే అడగండి; ఆ రోజు పాడైనది అందరికంటే ముందు ఆమెది.

ఒక మాట కూడా నమ్మనక్కరలేదు, గుండిగ లోపల చూస్తే తెలుస్తుందని వారికి చెప్పండి. మోటార్ల దుకాణంవాడికి టంకం ఏదో, కరిగిన తీరు ఏదో మీరూ నేనూ వివరించనక్కరలేదు. తీగలకు రోజూ టంకం పెట్టే చెయ్యి అది. చూస్తానంటే ఆ నిమిషంలోనే తీసుకువెళ్లగలగాలి, కాబట్టి రామాలయం గది తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందురోజు సాయంత్రమే కనుక్కుని, అడిగి తెచ్చుకుని ఉంచుకోండి.